లంక నేల లోతెంత?

వేసవిలో కోనసీమ పాయల మీద పడవలో వెళ్లేవాళ్లకు కొన్నిచోట్ల లంకల, అంటే నది మధ్య దీవుల, గట్లు నిలువునా కోసిపెట్టినట్టు కనిపిస్తాయి. గట్టు అంచున కొబ్బరిచెట్టు సగం వేళ్లు గాలిలో వేలాడుతుంటాయి. ఆ వేళ్ల కింద నుంచి నీటిమట్టం దాకా పొరలే పొరలు. పైన ముదురు గోధుమరంగు, దాని కింద లేతగా ఒక పట్టీ, మళ్లీ కాస్త నల్లటి చార, అట్టడుగున ఎండకు మెరిసే ఇసుక. నేల స్వభావం తెలుసుకోవాలంటే మట్టి శాస్త్రవేత్తలు ఒకటిన్నర రెండు మీటర్ల లోతున గుంట తవ్వి, దాని గోడను చదువుతారు. లంకల్లో ఆ గుంటను గోదావరే తవ్విపెట్టింది.

రైతుకు ఆ కోత పెద్ద నష్టం. ఏడాదికేడాది చెట్లూ సెంట్లూ ఏట్లో కలిసిపోతాయి. కానీ మిగిలిన పొలం ఎందుకంత బాగా పండుతోందో చెప్పేది కూడా ఆ కోత గోడే. గోదావరి జిల్లాల్లో అరటి, కంద, పసుపు, కొబ్బరి, కూరగాయలు విరివిగా పండే ఆ నేలను వ్యవసాయ పుస్తకాలు గరప నేల అంటాయి.

గరప అంటే ఒక రకం మట్టి కాదు, మూడు రకాల రేణువుల పొత్తు. 2 మిల్లీమీటర్ల నుంచి 0.05 మిల్లీమీటర్ల దాకా ఉన్నది ఇసుక. అక్కడి నుంచి 0.002 మిల్లీమీటర్ల దాకా ఒండ్రు. అంతకంటే సన్ననిది బంకమన్ను. వందపాళ్లలో ఇసుక 23 నుంచి 52, ఒండ్రు 28 నుంచి 50, బంకమన్ను 7 నుంచి 27 పాళ్ల మధ్య ఉంటే అది అసలు గరప. మూడూ సమపాళ్లలో ఉండాలని చాలామంది అనుకుంటారు కానీ, బంకమన్నుకు అంత వాటా ఇస్తే నేల అప్పుడే బంక వైపు ఒరిగిపోతుంది. రేణువు ఎంత సన్ననిదైతే, అంతే బరువు మట్టికి అంత ఎక్కువ పైతలం ఉంటుంది. నీరూ పోషకాలూ పట్టుకునేది ఆ పైతలమే. అందుకే ఐదో వంతు బంకమన్ను ఉన్నా చాలు, నేల నడవడి చాలావరకు దాని చేతిలోకి వెళ్లిపోతుంది.

చేతిలో మట్టి తీసుకుని తడిపి చూస్తే ఇదంతా వేళ్లకే తెలుస్తుంది. ఇసుక గరగరలాడుతుంది. ఒండ్రు పిండిలా జారుతుంది. బంకమన్ను అంటుకుంటుంది. తడిపిన ముద్దను బొటనవేలితో చూపుడువేలి మీదుగా పట్టీలా నెట్టుకుంటూ పోతే, గరప మట్టి అంగుళం దాటకముందే తెగిపోతుంది. రెండంగుళాలు దాటినా తెగలేదంటే అది బంక నేల. ప్రయోగశాల లేని చోట వ్యవసాయ అధికారులు చేసే పరీక్ష ఇదే.

ఇంట్లో చేసుకోదగ్గ పరీక్ష ఇంకొకటి ఉంది. గాజు సీసాలో మూడోవంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి కదలకుండా పెట్టాలి. నీటిలో పది సెంటీమీటర్ల లోతుకు దిగడానికి ఇసుకలో అతి సన్నని రేణువుకు కూడా నిమిషం పట్టదు. బంకమన్నులో అతి పెద్ద రేణువుకే ఎనిమిది గంటలు పడుతుంది. మరీ సన్ననివి రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. రేణువు అడ్డుకొలత సగమైతే అది దిగే వేగం నాలుగోవంతుకు పడిపోతుందని జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ అనే శాస్త్రవేత్త 1851లో లెక్కగట్టి చూపించాడు. సీసా అడుగున ఇసుక, దాని మీద ఒండ్రు, ఆ పైన బంక వరుసగా పేరుకోవడం కంటికి కనబడుతుంది.

గోదావరి చేసే పనీ ఇదే. కాకపోతే దాని సీసా చాలా పెద్దది.

జూలైలో ఎర్రనీరు రాగానే నది ఒడ్డు పొంగి పొర్లుతుంది. పాయలో పరుగెత్తే నీరు గట్టెక్కగానే నెమ్మదిస్తుంది. వేగం తగ్గిన మొదటి క్షణంలోనే మోసుకొస్తున్న ఇసుకను గట్టు పక్కన వదిలేస్తుంది. కాస్త లోపలికి వెళ్లాక ఒండ్రు దిగుతుంది. నీరు ఎటూ కదలక రోజుల తరబడి నిలిచిన పల్లంలో మాత్రమే బంకమన్ను దిగుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరగడంతో పాయ ఒడ్డు ఎత్తుగా, గరపగా తయారవుతుంది. లోపలి పల్లం నల్లగా, బరువుగా, నీళ్లు ఇంకని మాగాణిగా మిగులుతుంది. గోదావరి డెల్టాలో పాయల వెంట కొబ్బరీ అరటీ ఉండి, లోపలికి పోయేకొద్దీ వరిచేలు పరుచుకోవడం వెనక ఆచారంతో పాటు ఈ లెక్కా ఉంది. అరటి వేరుకు గాలి కావాలి. వరికి నిలిచిన నీరు కావాలి. పంటల పటం గీస్తే పాతకాలపు వరదనీరు ఎక్కడ పరుగెత్తిందో, ఎక్కడ ఆగిందో దాదాపు అదే బయటపడుతుంది.

ఈ మట్టి ఎక్కడిది? నాసిక్ దగ్గర త్ర్యంబకేశ్వరంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచే గోదావరి మొదటి భాగమంతా దక్కను నల్లరాతి మీద పారుతుంది. లావా గడ్డకట్టిన ఆ రాయి శిథిలమైతే వచ్చేది నల్లరేగడి బంక. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే రకం. దిగువన ప్రాణహిత, ఇంద్రావతి వచ్చి కలుస్తాయి. అవి గ్రానైటు, ఇసుకరాయి ప్రాంతాల నుంచి ముతక ఇసుకనూ, అభ్రకం తళుకులనూ తెస్తాయి. తర్వాత శబరి. పాపికొండలు దాటేటప్పుడు తూర్పుకనుమల రాళ్ల నుంచి ఎర్రటి గోమేదికపు రేణువులు కూడా చేరతాయి. లంకలో పిడికెడు మట్టి తీసి ఎండలో చూస్తే మహారాష్ట్ర నలుపు, దండకారణ్యపు తళుకు, మన్యం ఎరుపు ఒకే అరచేతిలో ఉంటాయి. ఒకే రాతి నుంచి వచ్చిన మట్టికి ఈ పొత్తు దొరకదు. రేగడి ఒక్కటే అయితే బిగుసుకుపోయేది, ఇసుక ఒక్కటే అయితే నీరు కారిపోయేది. పొటాష్ ఈ నేలల్లో సాధారణంగా బాగానే ఉండడానికి అభ్రకం జాతి ఖనిజాలు ఒక కారణం. నత్రజని మాత్రం తక్కువే. మన ఎండకు సేంద్రియ పదార్థం ఇట్టే హరించుకుపోతుంది.

ఇక కోత గోడ దగ్గరకు.

పైన జానెడు లోతు దుక్కి పొర. పశువుల ఎరువు, ఆకు, వేళ్లు కుళ్లి కలవడంతో రంగు ముదురు. చిదిమితే రవ్వలు రవ్వలుగా విడిపోతుంది. ట్రాక్టరు ఎక్కువగా తిరిగిన పొలంలో దీని అడుగున నాలుగు వేళ్ల మందాన బిగిసిన పట్టీ ఉంటుంది. నాగలి మొన ఏటా ఒకే లోతులో రాసుకుపోవడం, చక్రాల బరువు కలిసి చేసిన గట్టిపొర అది. వేరు అక్కడిదాకా నిటారుగా దిగి, తర్వాత అడ్డంగా తిరిగిందంటే కారణం ఆ పట్టీయే.

దాని కింద రెండు మూడడుగుల వరకు లేత గోధుమరంగు గరప. ఇక్కడ నది పేర్చిన సన్నని పొరలు చాలావరకు చెరిగిపోయి ఉంటాయి. చెరిపింది వానపాములూ, చీమలూ, వేళ్లూ. అవి ఏళ్ల తరబడి కిందిది పైకీ పైది కిందికీ కలిపి, నది అలా వదిలేసి పోయిన మేటను నేలగా మార్చాయి. మేటకూ నేలకూ తేడా అదే. ఈ పొర గోడలో బటానీగింజ మందాన నల్లటి గొట్టాలు కనిపిస్తాయి. ఎప్పుడో చచ్చిన వేళ్ల దారులు, వానపాముల దారులు. వాన వచ్చినప్పుడు నీరు ముందుగా దిగేది వాటిలోంచే.

ఇంకా కిందికి చూస్తే అసలు వింత మొదలవుతుంది. మామూలు నేలల్లో లోతుకు పోయేకొద్దీ రంగు లేతబడుతుంది, సేంద్రియ కర్బనం క్రమంగా తగ్గుతుంది. లంక నేలలో అలా కాదు. తగ్గుతూ తగ్గుతూ వచ్చి, ఒకచోట ఉన్నట్టుండి మళ్లీ పెరుగుతుంది. ఆ నల్లటి చార ఒకప్పటి పైపొర. ఏదో ఒక కాలంలో అక్కడ గడ్డి మొలిచింది, బహుశా పంట కూడా పండింది. తర్వాత ఒక పెద్ద వరద దాని మీద జానెడో మూరెడో మట్టి కప్పేసి పోయింది. లోతుకు పోయేకొద్దీ కర్బనం ఇలా ఒడుదొడుకులుగా ఉండడాన్నే నది పేర్చిన నేలకు గుర్తుగా మట్టి శాస్త్రం తీసుకుంటుంది.

నీటిమట్టం దగ్గరపడేకొద్దీ బూడిదరంగు మీద తుప్పు మచ్చలు. నీరు నిలిచినప్పుడు గాలి అందక మట్టిలోని ఇనుము కరిగి రంగు కోల్పోతుంది. నీరు దిగాక గాలి తగిలినచోట తుప్పుపడుతుంది. బావి తవ్వకుండానే వర్షాకాలంలో ఊటనీరు ఎక్కడిదాకా లేస్తుందో ఆ మచ్చలు చూసి చెప్పొచ్చు. అట్టడుగున ఇసుక. లంక రైతులు ఫిల్టర్ పాయింట్లనే లోతు తక్కువ గొట్టపుబావులు దించేది ఆ ఇసుకలోకే.

పైన గరప, కింద ఇసుక ఉన్న ఈ అమరికలో చాలామంది తప్పుగా ఊహించే విషయం ఒకటుంది. కింద ఇసుక ఉంది కాబట్టి పైన పోసిన నీరు గబగబా కారిపోతుందని అనుకుంటారు. జరిగేది దాదాపు దానికి వ్యతిరేకం. గరపలోని సన్నని సందులు నీటిని దీపపు వత్తి నూనెను పట్టినట్టు పట్టి ఉంచుతాయి. ఇసుకలోని పెద్ద సందులకు ఆ లాగే బలం లేదు. అందుకే తడి ఇసుక అంచుదాకా వచ్చి ఆగిపోతుంది. పై పొర ఇంచుమించు పూర్తిగా నానాకే నీరు ఇసుకలోకి దిగుతుంది. దాంతో అంతే లోతున్న వట్టి గరప నేల కంటే, ఇసుక మీద కూర్చున్న గరప కాస్త ఎక్కువ నీటినే నిలుపుకుంటుంది. పైగా ముంపు తర్వాత మిగులు నీరు ఇసుకలోంచి పాయలోకి వెళ్లిపోతుంది కాబట్టి వేళ్లు కుళ్లవు. లంక అరటికి రెండు విధాలా మేలు.

అయితే దీనికి ఒక షరతు ఉంది. పైన ఉన్న గరప తగినంత మందంగా ఉండాలి. మీటరు లోతు గరప నేల మొక్క పీల్చుకోగలిగిన నీటిని 100 నుంచి 175 మిల్లీమీటర్ల దాకా దాచగలదు. ఇసుకలో అది 25 మిల్లీమీటర్లకు కూడా పడిపోవచ్చు. 150 మిల్లీమీటర్లు అనుకుంటే ఎకరానికి 6 లక్షల లీటర్లు. పంపూ కరెంటూ లేకుండా నేల తనలో దాచుకున్న నీరు అది.

వరద తీసిన తర్వాత ఆ పదును మీదే లంకల్లో పొగాకు వేసేవారు. ఘాటుగా, నల్లగా ఉండే ఆ లంక పొగాకు చుట్టలకు పేరుపడి, ఆ చుట్టకే ఇంగ్లీషులో ‘లంకా’ అన్న పేరు స్థిరపడింది. ఆర్థర్ కోనన్ డాయిల్ 1890లో రాసిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల గురించి చెబుతూ ఈ లంకా చుట్టనే ఉదాహరణగా తీసుకుంటాడు. లండన్‌లో కూర్చున్న అపరాధ పరిశోధకుడి నోటికి గోదావరి లంక పేరు చేరిందంటే ఆ ఘనతలో ఈ మట్టికీ వాటా ఉంది. ఇవాళ ఆ ప్రయాణాన్ని కడియం నర్సరీల మొక్కలు చేస్తున్నాయి. కడియపులంక పేరులోనే లంక ఉంది. అక్కడి నుంచి దేశమంతా వెళ్లే ప్రతి మొక్కా తన వేళ్ల చుట్టూ ఇంత మట్టి మూటగట్టుకునే వెళుతుంది.

అన్ని లంకలూ ఒక్క ఎత్తులో ఉండవు. పాయ మధ్యలో నిన్నమొన్న తేలిన ఇసుక తిన్నె, దాదాపు ఏటా మునిగే పల్లపు లంక, పెద్ద వరదకు మాత్రమే మునిగే ఎత్తు లంక ఉంటాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఎత్తు లంకలకు కొత్త మట్టి చేరేది అలాంటి ఏడాదిలోనే. నది తన అడుగును ఇంకా లోతుకు కోసుకుని దిగిపోతే, ఇలాంటి ఎత్తు భాగం వరదకు పూర్తిగా అందకుండా మెట్టులా మిగిలిపోతుంది. గంగా మైదానం గురించి బడి పుస్తకాల్లో చదివే భంగర్, ఖాదర్ తేడా ఇదే. ఖాదర్ ఇంకా వరద చేరే కొత్త ఒండ్రు. భంగర్ వరదకు అందని పాత మెట్టు. కొత్త మట్టి చేరడం ఆగిపోయాక పాత మెట్టు మీది నేల తనలో తాను ముదురుతుంది. వాననీటితో సన్నని బంక కిందికి దిగి మధ్యపొరలో చేరుతుంది. సున్నం కరిగి లోపల గడ్డలు కడుతుంది. భంగర్‌లో కంకర గడ్డలు దొరికేది అందుకే. లంక నేలకు అంత వయసు లేదు.

అలాంటి పాత పొరలు ఎంత వెనక్కి తీసుకెళ్లగలవో నంద్యాల జిల్లాలో జుర్రేరు లోయ చెబుతుంది. జ్వాలాపురం దగ్గర మట్టి పొరల మధ్య తెల్లటి బూడిద పొర ఒకటి బయటపడింది, కొన్నిచోట్ల రెండు మీటర్లకు పైగా మందంతో. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండొనేసియాలోని సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలికి వచ్చి పడిన బూడిద అది. నీరు దాన్ని చుట్టుపక్కల నుంచి కడిగి తెచ్చి లోయలో పేర్చడంతో అంత మందం వచ్చింది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ బృందం ఆ బూడిదకు కింద ఉన్న పొరలోనూ, పైన ఉన్న పొరలోనూ రాతి పనిముట్లు దొరికాయని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. పొరల వరుస చెదరలేదు కాబట్టే ఏది ముందో ఏది వెనకో చెప్పగలిగారు.

మళ్లీ లంకల దగ్గరకు వస్తే, వరద తెచ్చే పొర ప్రతిసారీ వరం కాదు. అరంగుళం ఒండ్రు పడితే పొలానికి కొత్త సత్తువ. అడుగు మందాన ఇసుక మేట వేస్తే ఆ పొలం పాడైనట్టే. మేట మందం 3 అంగుళాలు దాటితేనే దాన్ని తొలగించడానికి ప్రభుత్వ విపత్తు సాయం వర్తిస్తుందన్న నిబంధన కూడా ఉంది. గట్టుకు దగ్గరగా ఉన్న పొలానికే ఇసుక ఎక్కువ పడడానికి కారణం ముందు చెప్పుకున్నదే. గట్టెక్కిన నీరు మొదట వదిలేది ఇసుకనే.

కానీ ఇప్పుడు దిగులు పడాల్సింది నది తెచ్చే మట్టి ఎక్కువై కాదు, తక్కువై. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు బి. హేమమాలిని, కె. నాగేశ్వరరావు 2004లో ‘కరెంట్ సైన్స్’ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. 1970లలో గోదావరి ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల మట్టిని డెల్టాకు తెచ్చేది. 1990లు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మిగిలినది ఎగువన జలాశయాల్లో ఆగిపోతోంది. శ్రీరామసాగర్‌ను 112 టీఎంసీలకు కడితే, పూడిక వల్ల తర్వాతి సర్వేలో 90కి తగ్గింది. ఆ తగ్గిన 22 టీఎంసీల జాగాలో ఉన్నది మట్టే. డెల్టా దాకా వచ్చి ఉంటే అందులో కొంతైనా ఏ లంక మీదో దిగి ఉండేది. తీరంలో సముద్రం డెల్టా అంచును కోసుకుపోవడానికి ఇదే ముఖ్య కారణమని ఆ పరిశోధకులు చెప్పారు.

రావలసింది తగ్గిపోతుంటే ఉన్నదాన్ని ఇటుక బట్టీలు పట్టుకుపోతున్నాయి. గరప మట్టి ఇటుకకు బాగా నప్పుతుంది. బంక ఎక్కువైతే ఇటుక ఎండేటప్పుడు పగులుతుంది, ఇసుక ఎక్కువైతే విరుగుతుంది. అరటికి పనికొచ్చిన పొత్తే ఇటుకకూ పనికొచ్చింది. ఎకరంలో అడుగు లోతు మట్టి తీస్తే నాలుగైదు లక్షల ఇటుకలవుతాయి. రైతు చేతికి ఒక్కసారిగా డబ్బొస్తుంది, పొలమూ అక్కడే ఉంటుంది. చూసేవాళ్లకు అది కాస్త పల్లమైనట్టు మాత్రమే కనిపిస్తుంది.

పోయింది ఏమిటో పొరల లెక్క చెబుతుంది. మూడడుగుల గరప, దాని కింద ఇసుక ఉన్న పొలంలో రెండడుగులు తీశారనుకుందాం. ఎకరానికి 3 లక్షల 60 వేల లీటర్ల నీటిని దాచే చోటు పోయింది. 5 వేల లీటర్ల ట్యాంకర్లు 72. దుక్కి పొర, వానపాములు కలిపిన పొర దానితోపాటే వెళ్లిపోయాయి. మిగిలిన అడుగు గరప కిందే ఇసుక. ఇంతకుముందు పది పదిహేను రోజులకు ఇచ్చే తడి ఇప్పుడు నాలుగైదు రోజులకే ఇవ్వాలి. వేసిన యూరియాలో ఇంతకుముందు కంటే ఎక్కువ ఇసుకలోకి దిగిపోతుంది. పల్లమైన పొలం తర్వాతి వరదకు ముందుగా మునుగుతుంది. అప్పుడు దాని మీద పడేది ఒండ్రా ఇసుకా అన్నది రైతు చేతిలో లేదు.

అందుకే లంక రైతులకు ఒక విన్నపం. మట్టికి బేరం వచ్చినప్పుడు ఒప్పుకునే ముందు పొలంలో నాలుగు చోట్ల మనిషి నడుములోతు గుంట తీయించండి. అర పూట పని. గోడను కత్తితో గీసి, ఒక్కో పొరనూ తడిపి వేళ్ల మధ్య నలిపి చూడండి. గరప ఎన్ని అడుగులుందో, ఇసుక ఎక్కడ మొదలైందో కొలిచి రాసి పెట్టుకోండి. మీ పొలంలో ఇసుక నడుములోతులో కూడా తగలలేదో, రెండడుగుల్లోనే తగిలిందో తెలిశాక బేరం సంగతి ఆలోచించవచ్చు.